ఫైలు కోసం పిల్లల పరువు తీస్తారా?

నగరంలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ నోటీసు బోర్డు ఫోటో నిన్న సాయంత్రం మా డెస్కుకు చేరింది. పైన పెద్ద అక్షరాల్లో 'స్లో లెర్నర్స్', అంటే చదువు నెమ్మదిగా ఎక్కేవాళ్లు. కింద మొదటి సెమిస్టర్ పిల్లల రోల్ నంబర్లు, పక్కనే పేర్లు. క్యాంటీన్‌కు వెళ్లే దారిలో, వచ్చేపోయే వాళ్లందరూ చదివేలా అంటించారు.

అందులో పేరున్న ఒక అబ్బాయితో మాట్లాడాం. కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా కన్నడ మీడియం, ఇంగ్లీషులో చదువు పీయూసీ (ఇంటర్) నుంచే. లెక్క చేయడం వచ్చు, ప్రశ్న అర్థమవడానికే రెండుసార్లు చదవాలి. మూడో భాషలో పరీక్ష రాస్తున్న పిల్లాడికి ఆ కాలేజీ పెట్టిన పేరు స్లో లెర్నర్. బాగేపల్లి, ముళబాగిలు, మడకశిర లాంటి సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే మన తెలుగు పిల్లలు ఎందరిదో ఇదే కథ.

ఈ జాబితాలు ఎందుకు పుడతాయో కాలేజీల్లో అందరికీ తెలుసు. కాలేజీలను తనిఖీ చేసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ కోసం. చదువులో వెనకబడినవారికి ప్రత్యేకంగా ఏం చేస్తున్నారని ఆ సంస్థ ఏళ్లుగా అడుగుతోంది. మంచి ప్రశ్నే. జవాబుగా ఫైల్లోకి చేరేది మాత్రం ఒక జాబితా, ఒక హాజరు పట్టీ, రెండు ఫోటోలు. ఈ కాలేజీలో వాళ్ల కోసం పెట్టే అదనపు పాఠం, రెమెడియల్ క్లాసు, సాయంత్రం నాలుగున్నరకు. ఊళ్లకు వెళ్లే కాలేజీ బస్సు నాలుగూ ముప్పావుకు. ఎవరు కూర్చుంటారు? మంచి గ్రేడు కోసం లంచాలన్న కేసులో 2025 ఫిబ్రవరిలో సీబీఐ ఏకంగా న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది. ఫైలుకున్న విలువ పిల్లలకు లేకపోతే జరిగేది ఇదే.

ఈ కాలేజీలో లిఫ్టు సంగతీ అంతే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. ప్రైవేటు కాలేజీలు సహా పాత భవనాలన్నిటినీ అందరికీ అందుబాటులోకి తేవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే తీరింది. ఇక్కడ లిఫ్టు ఉంది, దానికి తాళమూ ఉంది. వీల్‌చైర్‌లో వచ్చే అమ్మాయిని మూడో అంతస్తు ల్యాబ్‌కు స్నేహితురాళ్లు మోసుకెళ్తున్నారు. ప్రతి కాలేజీలో సమాన అవకాశాల సెల్ ఉండాలని ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2012లోనే చెప్పింది. అది ఏ గదిలో ఉందో మేం అడిగిన పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

సెక్షన్‌కు అరవై మంది, తరుముకొచ్చే సిలబస్, ఒక్కొక్కరినీ చూసుకునే తీరిక ఎక్కడిదంటారు లెక్చరర్లు. వాళ్ల కష్టం నిజమే. ఇరవై మందికి ఒక అధ్యాపకుడు ఉండాలన్న, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్క తనిఖీ రోజున కాగితం మీద సరిపోయి, మర్నాడు తరగతిలో సరిపోకపోతే ఆ తప్పు మేనేజ్‌మెంట్‌దే.

ఫీజు కట్టించుకున్న రోజు ఏ మీడియంలో చదివావని ఒక్క మాట అడగనివాళ్లకు, ఆ పిల్లాడి పేరు బోర్డుకెక్కించే హక్కు ఎవరిచ్చారు? ప్రిన్సిపాల్ గారూ, ఆ కాగితం ఈ పొద్దునే తీయించండి. లిఫ్టు తాళం తీయించండి. బస్సు కదలకముందే తెలుగులోనో కన్నడలోనో ఒక గంట పాఠం చెప్పించండి. ఇందుకు న్యాక్ బృందం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.