అరటిపళ్లు, బత్తాయిలు, భయం

దెబ్బ తగిలితే ఏం చేయాలన్న విషయంలో వైద్యులు నలభై ఏళ్లుగా మాట మారుస్తూనే ఉన్నారు. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి ‘రైస్’ అన్నాడు. విశ్రాంతి తీసుకో, ఐసు పెట్టు, గుడ్డ బిగించి కట్టు, కాలు దిండు మీదికి ఎత్తి పెట్టు అని దానర్థం. మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతా ఐసుముక్కలు పట్టుకుని తిరిగాక ఆయనే మళ్లీ వచ్చి, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చు అన్నాడు. 2019లో మరో ఇద్దరు ‘పీస్ అండ్ లవ్’ అన్నారు. శాంతి, ప్రేమ. ఈ ‘లవ్’లో రెండో అక్షరం ఆప్టిమిజం. రోగికి ధైర్యం ఉండాలట. భయం, దిగులు ఉంటే కోలుకోవడానికి అవే అడ్డుపడతాయట.

సరిగ్గా ఇక్కడే నా అభ్యంతరం. దెబ్బ తగిలినవాడు ధైర్యంగా ఉంటే పరామర్శకు వచ్చినవాళ్లు ఏం చేయాలి?

పరామర్శ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. దానికో క్రమం ఉంది. వచ్చినాయన ముందు అరటిపళ్ల సంచీ టీపాయ్ మీద పెడతాడు. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని “అసలెలా జరిగింది?” అంటాడు. అప్పటికే ఫోన్‌లో రెండుసార్లు విన్నా సరే, మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. అంతా విని “చూసుకుని నడవాలి కదండీ” అంటాడు. ఈ ముక్క అనకుండా లేచి వెళ్లిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆ తరవాత గొంతు తగ్గించి, అచ్చం ఇలాగే పడిన తన తోడల్లుడి కథ ఎత్తుకుంటాడు. ఆ తోడల్లుడు కోలుకున్నాడా అని అడగకూడదు. కోలుకున్నవాళ్ల కథలు పరామర్శకు పనికిరావు.

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండగా ఇంకొందరు పరిశోధకులు అసలు దెబ్బలే తగలకుండా చూద్దామంటారు. దెబ్బ తగలనివాణ్ని చూడటానికి బత్తాయిలు పట్టుకుని ఎవరైనా వస్తారా? బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ వేయించిన మనిషికి వీధిలో ఏపాటి గౌరవం ఉంటుంది? తుంటి ఎముక విరిగిన మనిషికైతే నెలరోజులు దర్బారే. మన సమాజం దేనికి పట్టం కడుతోందో ఈ శాస్త్రవేత్తలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పిల్లల సంగతే చూడండి. స్విట్జర్లాండ్, జర్మనీ, నెదర్లాండ్స్, చెక్ రిపబ్లిక్‌లలో ఏడు నుంచి పదమూడేళ్ల లోపు ఫుట్‌బాల్ పిల్లల చేత ఆటకు ముందు కొన్ని కసరత్తులు చేయించారు. ఒంటికాలి మీద నిలబడటం, గెంతి సరిగ్గా దిగడం, పడితే ఎలా పడాలో నేర్చుకోవడం, అంతే. 2018లో లెక్క తేల్చి చూస్తే గాయాలు దాదాపు సగానికి తగ్గాయట. సగమే! మావాడి స్కూల్లో నూటికి నూరుపాళ్లూ తగ్గించారు. ఆటల పీరియడ్‌ని లెక్కల సారు తీసేసుకున్నారు.

అందువల్ల మావాడు స్కూల్లో పడే అవకాశం లేక వీధిలో సైకిలు మీంచి పడ్డాడు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. సిమెంటు కట్టు వేయించుకుని వచ్చిన మర్నాటికల్లా దాని మీద క్లాసులో అందరి సంతకాలూ ఉన్నాయి. చిన్నపిల్లల ఎముకలు పెద్దవాళ్లవాటి కన్నా తొందరగా అతుక్కుంటాయి. కట్టు విప్పే రోజున, ఇంకో వారం ఉంచమని డాక్టరుగారిని బతిమాలాడు వాడు. మానసిక ప్రభావమంటారా, వాడి మీద లేదు. మొత్తం మా ఆవిడ మీదే పడింది. చెయ్యి అతికి రెండేళ్లయినా సైకిలు మాత్రం అటక దిగలేదు.

ఇక నా వయసు వాళ్లం. మేం ఆదివారం పొద్దున్నే టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతాం. వారంలో ఆరు రోజులు కుర్చీలో, ఏడో రోజు సింగిల్‌ని డబుల్ చేయబోయి ఆస్పత్రిలో. తొడ వెనక కండరం పట్టేయకుండా ఒక కసరత్తు ఉందట. మోకాళ్ల మీద నిలబడితే వెనక ఒకరు మన మడమలు నొక్కి పట్టుకోవాలి. అప్పుడు నడుం వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. దీన్ని క్రమం తప్పకుండా చేసే జట్లలో ఆ గాయాలు సుమారు సగానికి తగ్గుతాయని తేలింది. మా జట్టులో ఒకరి కాళ్లు ఒకరు పట్టుకోవడం ఆఫీసు పనుల కోసమే తప్ప ఆట కోసం అలవాటు లేదు. టాస్ దగ్గర గొడవ పడటమే మాకు వార్మప్.

ఆ రోజు రెండో పరుగులో సగం దూరం వెళ్లాక నా తొడలో ఏదో టప్పుమంది. నొప్పి సంగతి తరవాత. నన్ను మోసుకెళ్తున్న కుర్రాడు “అంకుల్, మెల్లిగా” అన్నాడు. కండరం ఆరు వారాల్లో కుదుటపడింది కానీ ఆ అంకుల్ ఇంకా వాపు దిగలేదు.

చూడటానికి వచ్చిన కొలీగ్ ఒకాయన, మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ గ్రౌండు మొహం చూడరని చెప్పి నా కాఫీ కూడా తాగి వెళ్లాడు. నాకు తెగింది లిగమెంట్ కాదు, అయినా భయం పుట్టించడానికి తొడ అయితేనేం, మోకాలైతేనేం? నిజానికి ఆ ఆపరేషన్ అయినవాళ్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2014లో లెక్క కట్టారు. నూటికి 81 మంది ఏదో ఒక ఆటకు తిరిగి వెళ్లారు. కానీ మునుపటి స్థాయికి చేరినవాళ్లు 65 మందే. ఆగిపోయినవాళ్లలో చాలామందికి మోకాలు బాగానే ఉందట, మళ్లీ తెగుతుందేమోనన్న భయమే పోలేదట. పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతింది. ఏడేళ్ల తరవాత 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. మనవాడే, హైదరాబాదులోనే ఉంటాడు, అయినా ఏ పరామర్శలోనూ ఈయన పేరు నేను వినలేదు. తోడల్లుడికున్న పలుకుబడి ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్‌కి లేదు.

అయితే పరామర్శ విశ్వరూపం చూడాలంటే పెద్దవాళ్లు పడాలి. మా అమ్మకు డెబ్బై నాలుగు. తడి బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది ఇలా పడటం వల్లే చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఇది నవ్వులాట కాదని నాకూ తెలుసు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మర్నాడే అమ్మను వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇంటికి రాగానే మేమందరం కలిసి మళ్లీ పడుకోబెట్టాం.

నిలబెట్టింది ఒక్క డాక్టరు, పడుకోబెట్టింది యాభై మంది. ప్రజాస్వామ్యంలో ఎవరి మాట చెల్లుతుంది? “అత్తయ్యగారూ, మీరు కదలకండి, నేను తెస్తా” అని మా ఆవిడ. “అక్కయ్యగారూ, ఈ వయసులో ఇంక ఎక్కడికి వెళ్లాలి, హాయిగా పడుకోక” అని కింది ఫ్లాట్ ఆవిడ. ఒకరు నల్లేరు పచ్చడి తెచ్చారు. ఒకరు వంకాయ మాన్పించారు. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించకుండా కోత పెట్టించినందుకు మా పెదనాన్న నన్ను ఇంకా క్షమించలేదు. విరిగింది తుంటి, లోపల స్టీలు పడిందన్నా వినడు.

పది రోజులు మంచం మీద ఉంటే ఏమవుతుందో చూద్దామని 2007లో అమెరికాలో సగటున అరవై ఏడేళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పడుకోబెట్టి చూశారు. ఒక్కొక్కరి కాళ్లలో సుమారు కిలో కండ కరిగిపోయింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటే ఇన్నాళ్లూ డబ్బు గురించనుకున్నాను.

పడిన మనిషికి పడతానేమోనన్న భయం ఎంత ఉందో కొలవడానికి 1990లో అమెరికాలో ఓ డాక్టరమ్మ పది ప్రశ్నలు తయారుచేసింది. స్నానం చేయడం, మంచం ఎక్కి దిగడం, బట్టలు కట్టుకోవడం, ఇంట్లో అటూ ఇటూ నడవడం లాంటి పనులు పడకుండా చేయగలనన్న నమ్మకం ఎంతుందో చెప్పమంటారు. నేనూ శాస్త్రీయంగా అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ప్రతి ప్రశ్నకూ అమ్మ నోరు తెరిచేలోపు పక్కనున్నవాళ్లు జవాబు చెప్పారు. స్నానమా, అమ్మో. తలుపు తీయడమా, మేం లేమా? పదికి పది మాకే వచ్చాయి. అమ్మకు ఎంత భయం ఉందో మాత్రం ఇప్పటికీ తెలీదు. కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలని ఎప్పుడూ అనే మనిషి ఆ మాట మానేసి సీలింగు వైపు చూస్తూ ఉండేది.

ఫిజియోథెరపిస్టు కుర్రాడు వారానికి మూడు రోజులు వచ్చేవాడు. నడక, నిలకడ కోసం కసరత్తులు చేస్తే పెద్దవాళ్లు పడటం సుమారు 23 శాతం తగ్గుతుందట. ఇరవై అయిదు దేశాల్లో చేసిన 108 పరీక్షలు కలిపి 2019లో తేల్చిన లెక్క ఇది. వాడు వచ్చినప్పుడల్లా అమ్మను హాలు దాకా నడవమని బతిమాలేవాడు. నాలుగడుగులు వేసి అలసిపోయానని కూర్చునేది. బాత్రూంలో కడ్డీ వేయించమన్నాడు. టైల్స్ పగులుతాయని మేం ఆలోచించి ఆలోచించి ఆఖరికి వేయించాం. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

ఇలా మూడు నెలలు గడిచాయి. మొన్న ఆదివారం ఎదురు ఫ్లాట్ పిన్నిగారు గుమ్మం తట్టుకుని పడ్డారు, మడమ బెణికింది. కబురు తెలిసిన పావుగంటకు చూస్తే అమ్మ మంచం మీద లేదు. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఫ్రిజ్ పక్కనున్న అరటిపళ్లు సంచీలో వేసి వాకర్‌కి తగిలించింది. కారిడార్ దాటి, లిఫ్టు దాటి, ఎదురు తలుపు దాకా ఒక్కతే నడిచి వెళ్లింది. ఫిజియో కుర్రాడు నెలంతా అడిగిన అడుగులు ఒక్క పూటలో వేసింది.

నేను వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. “అసలెలా జరిగిందమ్మా?” అంది. ఆవిడ మొదటినుంచీ చెప్పుకొచ్చారు. అంతా విని అమ్మ తల పంకించి, “చూసుకుని నడవాలి కదమ్మా” అంది. తరవాత గొంతు తగ్గించింది.

“నాకూ ఇలాగే మొదలైంది.”