అరువు సంగతి కూడా చెప్పాలి

ఐటీ ఉద్యోగం మానేసి గానుగ నూనె తయారీ పెట్టిన దంపతుల ధైర్యం గురించి మీ కథనంలో బాగా రాశారు. కానీ అందులో అరువు ఊసే లేదు! ఒకటో తారీఖు జీతానికి అలవాటుపడ్డవాళ్లకు అసలు టెన్షన్ అదే. మాది పచ్చళ్ల తయారీ. షాపులవాళ్లు సరుకు దించుకుని, డబ్బులు వచ్చే నెల అంటారు. మనకు మామిడికాయలు అమ్మిన రైతు ఆగుతాడా? ముందు చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితమే (ఏజెంటుకు పైసా ఇవ్వకండి). 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, ఒప్పందం ఎలా రాసుకున్నా, కొన్నవాళ్లు 45 రోజులు దాటించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. వీధి చివరి కిరాణా కొట్టు మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరనుకోండి, పెద్ద సూపర్ మార్కెట్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ మాట పనికొస్తుంది. ఇంతకీ ఆ దంపతులు అరువిస్తున్నారా, నగదుకేనా?