కోనీ ఐలండ్ మూతకు వరదలొక్కటే కారణం కాదు
అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఉన్న కోనీ ఐలండ్ వినోద పార్కును ఒహాయో నది వరదలే మూయించాయని, ఆ పార్కు గురించి రాసిన వ్యాసంలో తేల్చిచెప్పడంతో నేను ఏకీభవించలేను. 1886 నుంచి ఆ ఒడ్డునే నిలిచిన పార్కు 1937 నాటి మహావరదలో నీట మునిగినా, ఇంటిని కడుక్కున్నట్టు బురదంతా ఎత్తిపోసుకుని మళ్లీ జనాన్ని పిలిచింది. అసలు దెబ్బ 1969లో టాఫ్ట్ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థ దాన్ని కొన్న తర్వాత తగిలింది. వరద భయమూ, విస్తరణకు చోటు లేకపోవడమూ నిజమే కానీ, ఒకప్పుడు ఐలండ్ క్వీన్ స్టీమరెక్కి నది మీదుగా వచ్చిన జనం కార్లకు అలవాటుపడ్డారని గ్రహించిన ఆ సంస్థ, హైవే పక్కన మేసన్‌లో కింగ్స్ ఐలండ్ అనే కొత్త పార్కు కట్టి, 1971 సీజన్ ముగిశాక చాలా రైడ్లను అక్కడికి తరలించింది. మేము మేసన్‌లో ఉన్న రోజుల్లో మా అమ్మాయి కింగ్స్ ఐలండ్‌లో ఎంతో ఇష్టంగా ఎక్కిన రంగులరాట్నం, చెక్కతో చెక్కిన ఆ గుర్రాలతో సహా, 1926 నాటి కోనీ ఐలండ్‌దే. పాత పార్కు వైభవాన్ని తలుచుకునేటప్పుడు, నల్లజాతివారిని 1955 వరకు పార్కులోకి, 1961 వరకు ఈతకొలనులోకి రానివ్వలేదన్న సంగతిని కూడా వ్యాసంలో చెప్పి ఉండవలసింది. 401 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పుతో 1925లో కట్టిన ఆ సన్‌లైట్ ఈతకొలను ఎన్ని వరదలనైనా తట్టుకుంది, రైడ్లు తరలిపోయాక కూడా పాత చోటనే నడిచింది. చివరికి 2023 డిసెంబరులో దాన్ని మూయించింది నది కాదు, సంగీత కచేరీల వేదిక కోసం జరిగిన స్థలవిక్రయం.