చల్లటి ఏడాదికి తక్కువ మార్కులెందుకు?

నెలకోసారి ఎనిమిదిమందిమి ఎవరో ఒకరింట్లో చేరి వైన్ రుచి చూస్తాం. పోయినసారి వంతు మాది. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో జెవ్రే షాంబెర్తాన్ అనే ఊరి రెడ్ వైన్, ఒకే రైతు చేసినది, నాలుగు వేర్వేరు ఏళ్ల పంటల సీసాలు పెట్టాను: 2018, 2019, 2020, 2021. కాగితాలు చుట్టి నంబర్లు వేశాను. రుచి చూడటం అయ్యేదాకా వంటింట్లో పోపు పెట్టొద్దని ముందే చెప్పాను. ఇంగువ, కరివేపాకు వాసన ఇల్లంతా పట్టేస్తే పీనో న్వార్ (ఈ వైన్ చేసే ద్రాక్ష రకం) సువాసన ముక్కుకి అందదు.

మార్కుల్లో 2021 అట్టడుగున నిలిచింది. పల్చగా ఉందన్నారు, పుల్లగా ఉందన్నారు. కాగితాలు విప్పగానే "ఆ ఏడు బాలేదని మేమూ చదివాం" అన్నారు. తర్వాత భోజనాలకు కూర్చున్నాం. లేచేసరికి పూర్తిగా ఖాళీ అయిన సీసా 2021 ఒక్కటే. 2018 సగం అలాగే ఉంది. మాంసం కూర కారానికి 2018 లాంటి వేడి ఏటి వైన్‌లోని ఎక్కువ ఆల్కహాల్ తోడైతే గొంతులో మంట పెరుగుతుంది. పులుపున్న తేలిక వైన్ నోటిని శుభ్రం చేసి మరో ముద్దకి సిద్ధం చేస్తుంది.

అందుకే అడుగుతున్నాను, ఏ ఏటి పంటకి విమర్శకులు ఎన్ని మార్కులిచ్చారో ఫోన్‌లో చూసి బర్గండీ కొనే అలవాటు మానేద్దామా?

బర్గండీ రెడ్ దాదాపు అంతా పీనో న్వార్ ఒక్కదానితోనే చేస్తారు. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బోర్డోలో ఒక రకం ద్రాక్ష దెబ్బతింటే ఇంకో రకం కలిపి కొంత సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఆ ఏటి ఎండా వానా నేరుగా గ్లాసులోకి వచ్చేస్తాయి. 2021 మార్చి చివర్లో వేసవిలా వేడెక్కి మొగ్గలు విచ్చాయి. ఏప్రిల్ మొదటి వారం దాటకుండానే వరసగా కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి. రైతులు సాళ్ల మధ్య పెద్ద కొవ్వొత్తులు వెలిగించి తెల్లవార్లూ కాపలా కాశారు. ముందుగా చిగురించే షార్డొనే అనే తెల్ల ద్రాక్షకి దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ఆ తర్వాత వానలు, తెగులు. మిగిలిన కాస్త పండులో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. ఆ రాత్రుల కష్టమంతా ఒక అంకెలో ఎలా ఇముడుతుంది?

టానిన్ గురించి ఇంగ్లీషులో పేజీలు రాస్తారు. మనకు వగరు అనే మాట ఉంది. నేరేడు పండు వగరు వేరు, పచ్చి జామకాయ వగరు వేరు అని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా బల్ల మీద 2020 వగరు గట్టిదే, కానీ బాగా పండిన నేరేడు లాంటిది. 2018లో పండు తీపి ముందుకొచ్చి వగరుని కప్పేసింది. 2019 రెంటికీ మధ్య. 2021లో వగరు కొంచెమే, పులుపే దాన్ని నిలబెట్టింది. గంట గాలి తగిలాక ఎర్ర చెర్రీ, ఎండిన గులాబీ రేకుల వాసన వచ్చింది. మార్కులు వేసేటప్పటికి అవేవీ ఇంకా బయటపడలేదు.

ఎండ కాసిన ఏడే గొప్ప ఏడు అనే లెక్క ఒకప్పుడు న్యాయమే. బర్గండీలోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోతల తేదీలు 1354 నుంచి దొరుకుతున్నాయి. వేడి పెరగడంతో 1988 తర్వాత కోతలు మునుపటికన్నా సగటున 13 రోజులు ముందే మొదలవుతున్నాయి. 2020లో ఆగస్టులోనే కోసేశారు. పండు సరిగ్గా పండటమే కష్టమైన కాలంలో ఎండ అరుదు, దానికి ఎక్కువ మార్కులు పడ్డాయి. ఇప్పుడు అరుదైనది చల్లదనం. మార్కుల పట్టీ మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంది.

చల్లటి ఏళ్లన్నీ మంచివని అనను. 2004 రెడ్ చాలావాటిలో పచ్చి ఆకు వాసన ఉంటుంది, ఎంత దాచినా నాకు తగ్గినట్టనిపించలేదు. ఇంకోమాట, మార్కులు తక్కువని 2021 చవకగా దొరుకుతుందనుకోవద్దు, ఆ ఏడు పంట తగ్గింది.

హాల్లో పెట్టిన సీసాని తీసే ముందు కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. 22 డిగ్రీల దగ్గర ఆల్కహాలే ముందు ముక్కుకి తగులుతుంది, 15 దగ్గర పండు తెలుస్తుంది.

2024లోనూ వానలు, తెగుళ్లతో పంట బాగా తగ్గింది. ఆ సీసా ఒకటి తెప్పించి, పక్కన 2022, 2023 పెడతాను. ఈసారి మార్కుల కాగితాలు పంచను. భోజనాలయ్యాక ఏది ఖాళీ అయిందో చూస్తాను.