17/5 తప్పెలా అవుతుంది?

మా అమ్మాయి లెక్కల పరీక్ష పేపరు ఇప్పుడే చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. 9/5, 8/5 కూడమన్నారు. పిల్ల 17/5 అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ గుర్తు, పక్కన సున్నా, కింద "3 2/5" అని సరైన జవాబు! మార్కు పోయినందుకు కాదు నా బాధ. "నాన్నా, కూడిక తప్పు చేశానా?" అని అడిగి, తొమ్మిదికి ఎనిమిది కలిపి వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది. చక్కగా వచ్చిన కూడిక తనకు రాదేమోనని ఆ పిల్ల అనుమానపడింది. ఆ అనుమానం పుట్టించిన వాళ్ళకు అది పట్టనే లేదు.

ప్రశ్నపత్రం ముందూ వెనకా తిప్పి చూశాను. మిశ్రమ భిన్నంలో, అంటే 3 2/5లా పూర్ణాంకం పక్కన భిన్నం పెట్టి రాయమని ఎక్కడా లేదు. కూడమన్నారు, కూడింది. 17కూ 5కూ ఒకటి తప్ప మరో ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి అది కనిష్ఠ రూపంలోనే ఉంది. ఇంకేం చెయ్యాలి? 18/4 అని వదిలేస్తే, 9/2గా కుదించలేదని అర మార్కు తగ్గించండి, ఒప్పుకుంటాను. కానీ కుదించడం వేరు, మిశ్రమ భిన్నంగా మార్చడం వేరు. 18/4ను 4 2/4 అని మార్చినా కుదించే పని మిగిలే ఉంటుంది. రెంటినీ ఒకే గాటన కట్టి, లవం (పై అంకె) హారం (కింది అంకె) కన్నా పెద్దదిగా కనిపిస్తే చాలు, లెక్క సగంలో ఆగిపోయిందని తేల్చేస్తున్నారు.

సరే, అదే లెక్కల పుస్తకాల్లో వృత్తాల పాఠం దగ్గరికి రండి. చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే π (పై) విలువ సుమారు 22/7 అని ముద్రించింది ఎవరు? లవమే పెద్దదైన అచ్చమైన అపక్రమ భిన్నం అది! దాన్ని 3 1/7 అని ఎందుకు రాయలేదని ఏ పిల్లవాడి పేపరు మీదైనా ఎర్ర గీత పడిందా? పడదు. 14 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తం చుట్టుకొలత కావాలంటే 22/7ను 14తో గుణించి, ఏడుతో కొట్టేస్తే 44 వచ్చేస్తుంది. అక్కడ ఆ రూపం హాయిగా ఉంటుంది కాబట్టి అందరికీ ముద్దే. కూడికలో పసిపిల్ల రాస్తే మాత్రం నేరం.

మిశ్రమ భిన్నం వద్దని నేను అనడం లేదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్, π విలువ 3 10/71 కన్నా ఎక్కువనీ 3 1/7 కన్నా తక్కువనీ తేల్చాడు. అలా చెబితే మూడు దాటాక ఎంత ఉందో చూడగానే అందుతుంది. అదే 223/71, 22/7 అంటే ఎంతెంతో తోచడానికే ఒక క్షణం ఆగాలి. 135 నిమిషాలంటే 9/4 గంటలు. ఎవరైనా అడిగితే రెండుంపావు గంటలు అంటాం, నాలుగింట తొమ్మిది గంటలు అనం. ఎంత ఉందో చెప్పడానికి మిశ్రమ రూపం, లెక్క నడపడానికి అపక్రమ రూపం. ఈ ఒక్క మాట చెప్పి పిల్లలకు వదిలేస్తే ఎప్పుడు ఏది రాయాలో వాళ్ళే తెలుసుకుంటారు.

చెప్పరు. "భాగించు, భాగఫలం పక్కన రాయి, శేషం పైన పెట్టు, హారం అలాగే ఉంచు." అంతే, చిలక పలుకులు. 17ను 5తో భాగిస్తే భాగఫలం 3, శేషం 2 అని వీళ్ళు భాగహారంలో ఏనాడో నేర్చుకున్నారు. ఆ మిగిలిన 2ను కూడా ఐదు సమభాగాలు చేస్తే ఒక్కో వాటాకు 2/5 వస్తుందని, ఆ పాఠానికీ ఈ పాఠానికీ ముడివేసి చెప్పేవారే లేరు. నేను చదువుకునే రోజుల్లో "హారం ఎందుకు మారదు సార్?" అని అడిగితే "ముందు చెప్పింది రాయి" అని కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. 17/5 అంటే ఐదో వంతులు పదిహేడు. అయిదేసి చొప్పున కలిపితే మూడు పూర్ణాలు కట్టుబడతాయి, రెండు మిగులుతాయి. ముక్కల్ని పోగులు పెట్టామే గాని ఏ ముక్క పరిమాణమూ మార్చలేదు, అందుకే హారం 5గానే ఉంటుంది. చెప్పడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం నాకు ఇవ్వలేదు, నేను ఆ తరగతిలో మళ్ళీ చెయ్యెత్తలేదు.

ఎందుకో తెలియకుండా రూపం మార్చడం మాత్రమే నేర్చుకున్న పిల్లలకు 2 1/4ను 1 1/3తో గుణించమని ఇచ్చి చూడండి. పూర్ణాలను పూర్ణాలతో, భిన్నాన్ని భిన్నంతో గుణించి 2 1/12 అని రాస్తారు. అసలు జవాబు 3! మధ్యలో ఉన్న కూడిక గుర్తు కంటికి కనిపించదు కాబట్టి రెండు లబ్ధాలు గాలికి పోయాయి. 2ను 1/3తో గుణిస్తే 2/3, 1/4ను 1తో గుణిస్తే 1/4, రెండూ కలిపి 11/12. తగ్గింది సరిగ్గా అంతే. అదే 9/4ను 4/3తో గుణించి ఉంటే ఒక్క గీతతో తేలిపోయేది. ఏ రూపం పిల్లల్ని కాపాడుతుందో దాన్నే తప్పని కొట్టేస్తారా?

పై తరగతికి వెళ్ళాక ఇంకో అన్యాయం. బీజగణితంలో 3 పక్కన x రాస్తే గుణకారం, 3 పక్కన 2/5 రాస్తే కూడిక. రుణ సంఖ్యలు వస్తే ఇంకా చిక్కు. −2 1/3 అంటే −7/3. ఆ రుణ గుర్తు మొత్తానికి వర్తిస్తుందని చెప్పకపోతే పిల్లలు −2కు 1/3 కలిపి −5/3 దగ్గర తేలతారు. అందుకే అక్కడి ఉపాధ్యాయులు మిశ్రమ భిన్నాలు మానేసి 17/5 అనే ఉంచమంటారు. నిన్న మార్కు పోగొట్టిన రూపమే ఇవాళ కావాలట! ఆ రెండు తరగతుల వాళ్ళూ ఒకే మాట మీద ఉండలేరా?

కంప్యూటర్లో చేసే ఇంటిపని మరీ ఘోరం. 3 2/5 అని కొడితే మధ్యలో ఖాళీని మింగేసి 32/5గా చదివి తప్పు అంటుంది. మనుషులే దయ చూపనప్పుడు యంత్రాన్ని ఏమని ప్రయోజనం?

"చిన్నపిల్లల లెక్కకు ఇంత రాద్ధాంతమా" అంటూ వచ్చేవారు ముందు ఆ ఇంటూ గుర్తు మీ పిల్ల పేపరు మీద ఊహించుకుని రండి. మిశ్రమ భిన్నమే కావాలంటే ప్రశ్నలో ఆ మాట ముద్రించండి. ముద్రించాక రాయకపోతే మార్కు తీసేయండి, నోరెత్తను. అడగనిదానికి కొట్టేస్తే మాత్రం పేపరు పట్టుకుని తరగతికే వస్తాను. 3 2/5లోంచి 17/5 తీసివేసి, తేడా ఎంతో నల్లబల్ల మీద పిల్లలందరి ముందూ రాయమంటాను.