పన్ను పోయింది, ప్రీమియం పెరిగింది

ఈ ఉదయం మా ఆరోగ్య బీమా రెన్యూవల్ నోటీసు వచ్చింది. అప్పటి నుంచి నా కోపం చల్లారలేదు. మా దంపతులకూ ఇద్దరు పిల్లలకూ కలిపి తీసుకున్న 10 లక్షల పాలసీకి నిరుడు 24,000 రూపాయల ప్రీమియం, దానిపై 18 శాతం జీఎస్టీ 4,320, వెరసి 28,320 రూపాయలు కట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై ఆ పన్నును పూర్తిగా ఎత్తివేశారు కనుక, ఈసారి మిగిలే నాలుగు వేలతో పిల్లల పుస్తకాలు కొనవచ్చని ఇంట్లో అనుకున్నాం. నోటీసులో జీఎస్టీ ఎదురుగా సున్నా ఉంది. కింద చెల్లించవలసిన మొత్తం 29,500 అని ఉంది. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయని కుటుంబం మాది. అడిగితే, మీకు 46 ఏళ్లు వచ్చాయి కనుక వయసు శ్లాబు మారిందనీ, వైద్యం ఖర్చులు పెరిగాయనీ చెప్పి ఫోన్ పెట్టేశారు.

వేరే కంపెనీకి మారదామంటే సాధారణంగా రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. నోటీసేమో సరిగ్గా నెల ముందు పంపారు. ధర ఎంతో తెలిసేసరికి తలుపు మూసుకుపోతే, ఇలా కంపెనీ మారే పోర్టింగ్ హక్కు ఎవరి కోసం ఇచ్చినట్టు? 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. చాలా మంచి పని. కానీ పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదాలు, తల్లిదండ్రుల మందులు ఒక్క జీతంతో నెట్టుకొచ్చే మా వయసువాళ్లకు ఆ రక్షణ ఎందుకు ఉండకూడదు?

అసలు బీమా పేరెత్తితేనే నాకు మండిపోవడానికి కారణం మా నాన్నగారి పిత్తాశయం ఆపరేషన్. ఆయనది 5 లక్షల పాలసీ, రూమ్ రెంట్ పరిమితి రోజుకు పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే 5,000. ఆ రోజు ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న గది 8,000ది. తేడా రోజుకు 3,000 మేమే కట్టుకుంటామనుకున్నాం. డిశ్చార్జి కౌంటర్ దగ్గర బిల్లు చేతికిచ్చినప్పుడు తెలిసింది, గది అద్దెతో పాటు సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు, నర్సింగ్, డాక్టర్ విజిట్లు అన్నింటినీ అదే 8,000కు 5,000 నిష్పత్తిలో కోశారని. వాటి మొత్తం 1,60,000 అయితే కంపెనీ ఇచ్చింది లక్ష. మిగతా 60,000 మా మీద పడింది. కుట్లు ఇంకా విప్పని మనిషి వీల్‌చైర్‌లో కూర్చుని చూస్తుండగా, మా అమ్మ చేతి గాజులు సవరించుకుంటూ “తాకట్టు పెడదామా నాన్నా” అని నన్ను అడిగింది. పాలసీ అమ్మిన రోజు ఏజెంటు ఈ కోత గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆఫీసులో గ్రూపు పాలసీ ఉంటుంది కదా అని సలహా ఇచ్చేవారికి ఒక మాట: ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. అప్పుడు సొంతంగా కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న బీపీకీ షుగర్‌కూ మూడేళ్ల వరకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. ప్రభుత్వోద్యోగులకు వాళ్ల పథకం ఉంది. ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో పనిలేకుండా చేరాలంటే 70 నిండాలి. మా నాన్నగారికి 66. ఆరోగ్యశ్రీకి ఆధారమైన రేషన్ కార్డుకు తెలంగాణలో ఆదాయ పరిమితి పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, కనుక నెలకు 30,000 తెచ్చుకునే ప్రైవేటు గుమాస్తా కూడా దానికి పనికిరాడు. అలాంటివాడు నాకొచ్చినంత ప్రీమియం కట్టాలంటే ఒక నెల జీతం మొత్తం పోయాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో ఊళ్లో పెరిగిన నాకు తెలుసు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారంటే నాకు గిట్టదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. ఏ ఆపరేషన్‌కు ఎంత చెల్లించాలో ప్రభుత్వమే నిర్ణయించే ఆ పథకంలో, కార్డు లేని కుటుంబాలు కూడా తమ వాటా ప్రీమియం కట్టి చేరేందుకు వీలు కల్పించాలి. మేము ఉచితంగా ఇమ్మని అడగడం లేదు. కంపెనీకి కట్టబోయే ఈ 29,500 తీసుకెళ్లి ఆ పథకానికే కట్టడానికి నేను ఈరోజే సిద్ధం.