డీఎస్సీ ర్యాంకు వస్తే టీచర్ అయినట్టేనా?

(వాదించేది ఇద్దరు. ఒకరు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో హెచ్‌ఎంగా రిటైరైన మేడమ్. రెండోవారు చిన్నప్పుడు ఆమె దగ్గరే చదువుకుని, ఇప్పుడు అవనిగడ్డలో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) అభ్యర్థులకు సైకాలజీ, మెథడాలజీ (బోధనా పద్ధతులు) చెబుతున్న మాస్టారు. టీచర్‌కు ఉండాల్సిన ఓర్పు, మాటతీరు, వినే గుణం లాంటివి ఎంపికలోనే పరీక్షించాలా వద్దా అన్నది వాదం.)

మేడమ్: ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు. అంతకు ముందు ఏడాది తెలంగాణలో 11,062. చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ అయినా, పెద్ద తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ అయినా కంప్యూటర్ ముందు కూర్చుని 160 ప్రశ్నలు, 80 మార్కులు. అర్హత పరీక్ష టెట్‌కి 20 శాతం వెయిటేజీ. వీళ్లలో ఒక్కరినైనా పిల్లల ముందు నిలబెట్టి చూశారా? గొంతు చివరి వరసదాకా వినిపిస్తుందా, పిల్లవాడు తప్పు చెబితే ముఖం ఎలా పెడతారు, కోపం వస్తే చెయ్యి ఎటు పోతుంది, ఇవేవీ చూడకుండానే ముప్పై ఏళ్ల ఉద్యోగం చేతిలో పెడుతున్నాం. కేంద్రీయ విద్యాలయాల ఎంపికలో డెమో క్లాసు, ఇంటర్వ్యూ పెట్టగలిగినప్పుడు మన ఊరి బడికి ఎందుకు వద్దు?

మాస్టారు: ఎందుకు వద్దో 1998 డీఎస్సీ అభ్యర్థులను అడగండి మేడమ్. అప్పుడు రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూ కూడా ఉండేది. ఆ ఎంపికల మీద వివాదం ఏళ్లూ పూళ్లూ సాగింది. చివరికి వాళ్లలో కొన్ని వేల మందికి 2023లో, రిటైర్మెంట్ వయసు దగ్గరపడ్డాక, కాంట్రాక్టు పోస్టింగులు ఇచ్చారు. మీరు డెమో అంటున్నారు. నా క్లాసులో కూర్చునే కూలీవాళ్ల అమ్మాయికి అది సిఫార్సు ఉన్నవాళ్ల కోసం తెరిచిన తలుపులా కనిపిస్తుంది. ఆ అమ్మాయికి ఈ రాష్ట్రంలో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. కంప్యూటర్ ఆమె కులం అడగదు, ఎవరి మనిషివని అడగదు. అది చిన్న విషయం కాదు.

మేడమ్: కాదు. ఆ భయం నాకూ ఉంది. అయినా 3వ తరగతిలో నేను చాలాసార్లు చూసిన ఒక లెక్క చెబుతాను, విను. 52లోంచి 27 తీసెయ్యమంటే పిల్లవాడు 35 అని రాస్తాడు. ఒక టీచర్ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి నోటుబుక్కు వెనక్కి ఇచ్చేస్తుంది. ఇంకో టీచర్ "ఎలా చేశావు నాన్నా, చెప్పు" అంటుంది. "రెండులోంచి ఏడు పోదు కదా మేడమ్, అందుకే ఏడులోంచి రెండు తీసేశాను" అంటాడు వాడు. వాడు బుర్ర పెట్టే చేశాడు. "పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అని 1వ తరగతిలో మనమే చెప్పాం. ఆ మాటనే పట్టుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగిన టీచర్‌కు వాడి తప్పు దొరికింది. అడగని టీచర్ వాడికి లెక్కలు రావని తేల్చేసింది. ఆ ఇద్దరికీ డీఎస్సీలో ఒకే మార్కు వచ్చి ఉండొచ్చు.

మాస్టారు: మీరు చెప్పింది నా వాదానికే బలం. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే స్థానవిలువ గట్టిగా తెలియాలి. సబ్జెక్టు తెలియడం, పిల్లలకు అది ఎక్కడ అడ్డం తిరుగుతుందో తెలియడం, రెండూ కలిస్తేనే టీచర్ జ్ఞానం అని లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త 1986లోనే రాశాడు. నేను మెథడాలజీలో చెప్పేది అదే. సబ్జెక్టు రానివాళ్లు ఎంత ఓర్పుగా విన్నా ఆ 35 ఎలా వచ్చిందో పట్టుకోలేరు.

మేడమ్: సబ్జెక్టు వద్దని నేను అన్నానా? అడిగాక ఆగడం గురించి అంటున్నాను. ప్రశ్న వేశాక జవాబు కోసం టీచర్లు మామూలుగా ఒక్క సెకను కూడా ఆగరని మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త పరిశోధనలో తేలింది కదా. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మాట్లాడనివాళ్లు నోరు తెరుస్తారు. ఎదురుగా ముప్పైమంది, బయట మధ్యాహ్న భోజనం బియ్యం కొలవాలి, ఫోన్లో యాప్ అటెండెన్స్ అడుగుతోంది. అంత టెన్షన్‌లో ఒక పిల్ల కోసం మూడు సెకన్లు ఆగగలగడం మనిషిలో ఉండాలి.

మాస్టారు: మనిషిలో ఉండాలి అన్న మాట దగ్గరే నేను ఒప్పుకోను మేడమ్. ఆ మేరీ బడ్ రో 1970ల్లో చేసిన పనిలో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. తరగతి మాటల్ని టేపుల్లో రికార్డు చేసి వినడం, ఆ విన్నదాన్ని బట్టి టీచర్లకు ఆగడం అలవాటు చెయ్యడం. అంటే అది పుట్టుకతో రాలేదు, నేర్పితే వచ్చింది. గొంతూ అంతే, కోపమూ అంతే. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బెత్తం లేకుండా తరగతిని ఎలా నడపాలో ఎంతమందికి నేర్పాం? నేర్పకుండా "నీకు ఓర్పు లేదు" అని తలుపు దగ్గరే వెనక్కి పంపడం న్యాయమా? బిడియంగా ఉండే పిల్ల పదిహేను నిమిషాల డెమోలో వణికిపోతుంది. అదే పిల్ల ఆరు నెలల తర్వాత తన బడిలో గలగలా మాట్లాడుతుంది. అలాంటివాళ్లను నేను చూశాను.

మేడమ్: చూసి ఉంటావు, కాదనను. నువ్వూ నా క్లాసులో నోరు విప్పేవాడివి కాదు. మరి నేర్పేది ఎవరు? ప్రైవేటు ట్రైనింగ్ కాలేజీల్లో చాలావాటి పరిస్థితి బాగోలేదని టీచర్ల శిక్షణ మీద వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. 2015 నుంచి బీఈడీని రెండేళ్లు చేశారు. అయినా క్లాసుకు వెళ్లకుండా, టీచింగ్ ప్రాక్టీస్ రికార్డు ఎవరిచేతో రాయించుకుని పాసయ్యేవాళ్లు ఎంతమందో నీకు నాకంటే ఎక్కువ తెలుసు. చిన్న పాఠం చెప్పించి చూసే మైక్రో టీచింగ్‌లో తోటి విద్యార్థులే పిల్లల్లా కూర్చుంటారు. వాళ్లెవరూ 52లోంచి 27 తీసి 35 అనరు.

మాస్టారు: అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

మేడమ్: ఇంకొకటి. మన్యంలో సీతంపేట వైపు సవర గిరిజన పిల్లలున్న బడికి కొత్త ఎస్జీటీ వెళ్తాడు. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది సవర. ఈయన తెలుగులో అడుగుతాడు, వాళ్లు నేల చూపులు చూస్తారు, "మొద్దు పిల్లలు" అనేస్తాడు. ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కోయ, గోండి లాంటి భాషల్లో వాచకాలు తెచ్చారు. వాచకం ఉంటే సరిపోదు కదా! మీ భాషలో నీళ్లను ఏమంటారని పిల్లల్ని అడిగి, వాళ్ల దగ్గరే నేర్చుకునే మనసుండాలి. పిల్లల దగ్గర తనకు తెలియదని ఒప్పుకోలేనివాడికి ఆ బడిలో పనేమిటి?

మాస్టారు: సరే, నేర్పే చోటు గురించి మాట్లాడదాం. ఎంపిక రాతపరీక్షతోనే జరగనివ్వండి. చేరాక మొదటి ఏడాది ప్రతి కొత్త టీచర్‌కూ ఒక సీనియర్ తోడుండాలి. వారానికోసారి ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీ మీద కూర్చోవాలి. ఏ పిల్ల నోరు తెరవలేదు, ఎవరి జవాబు మధ్యలో తుంచేశాం, ఇవే మాట్లాడుకోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి దీనికి టైమివ్వాలి.

మేడమ్: దీనికి నేను సై. అయితే ఏడాది చివర ఆ సీనియర్ మాటకు విలువుండాలి. మాటిమాటికీ పిల్లల్ని కించపరిచేవాడిని, ఉద్యోగం ఖాయమయ్యే ముందుండే ప్రొబేషన్ దాటనివ్వకూడదు.

మాస్టారు: అక్కడే మళ్లీ విడిపోతాం మేడమ్. ఉద్యోగం పోతుందంటే కొత్త టీచర్ తన క్లాసులో తప్పును దాస్తుంది, సీనియర్‌కు నమస్కారాలు పెట్టడం నేర్చుకుంటుంది. ఆ పిల్లవాడు రాసిన 35 మీ దాకా రాదు.

మేడమ్: మరి ఏమీ కాదంటే, మారనివాడి క్లాసులో పిల్లలు ముప్పై ఏళ్ల పాటు కూర్చోవాలి. వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?

మాస్టారు: వాళ్ల అమ్మానాన్నలు. పేరెంట్స్ కమిటీ ఉన్నది అందుకేగా. సీనియర్ చేతికి నేర్పే పని మాత్రమే ఇవ్వండి, ఫిర్యాదు వేరే దారిలో రానివ్వండి.

మేడమ్: కూలికి పోయే తల్లి పనిదినం వదులుకుని టీచర్ మీద ఫిర్యాదు చెయ్యడానికి బడికి వస్తుందా? నా సర్వీసులో అలా వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఆ తల్లి నిర్భయంగా వచ్చే ఏర్పాటు ముందు చూపించు. అప్పటిదాకా ప్రొబేషన్ మాట నేను వదలను.